జత కుదుర్చుట

ఈ సంవత్సరపు సంచికకు క్రీడలనుగూర్చి యొక వ్యాసము వ్రాసి యిమ్మని సంపాదకులు మమ్ము కోరినప్పుడు, గెలిచిన బహుమానముల పట్టికను వ్రాసి యిచ్చి యూరకుందమని తలంచితిమి. అట్టి పట్టికలు ప్రతి సంచికయందును వచ్చుచునే యున్నవి. తల్లిదండ్రులు తమ బిడ్డల పేర్లను అందు వెదకికొని సంతసించుచునే యున్నారు. కాని యే పట్టికయందును చేరని యోటమి యొకటి రెండు సంవత్సరములనుండి మా మనస్సున మెదలుచున్నది. ఆ యోటమి బాలురది కాదు, మాది. దానినిగూర్చి వ్రాయుటయే మేలని తోచినది.

మా పెన్‌పహాడ్ వరిచేల నడుమ నున్న యూరు. సూర్యాపేట పోవలెనన్నను, మిర్యాలగూడ పోవలెనన్నను బస్సెక్కవలసినదే. మా పాఠశాల వెనుక వేపచెట్ల చెంత రెండు గుంజలు పాతి, వల కట్టి, సున్నముతో గీతలు గీసి బాలురు షటిల్ ఆడుచుందురు. ఈకలబంతి మిక్కిలి తేలికయైనది గనుక కొంచెము గాలి వీచినను దారి తప్పును. అందుచేత ఉదయమునను, గాలి పడిపోయిన సాయంకాలమునను మాత్రమే ఆట సాగును. అట్టి యాటస్థలమునుండి యిద్దఱు మంచి యాటగాండ్రు బయలుదేరిరి. ఒకడు పదవ తరగతివాడు, ఎత్తరి. ఆతడు ఎగిరి కొట్టిన బంతిని తిరుగగొట్టగలవాడు మా బడిలో లేడు. రెండవవాడు తొమ్మిదవ తరగతివాడు, చురుకైనవాడు. ఆతనికిని కొట్టుటయందే ప్రీతి. ఇద్దఱిదియు నొకే వాడ. రెండవవాడు మొదటివానిని 'అన్నా' యని పిలుచును. పేర్లు వ్రాయుట యుచితము కాదు గనుక వారిని పెద్దవాడనియు చిన్నవాడనియు చెప్పెదము.

మూడవ బాలుడొకడు కలడు. తొమ్మిదవ తరగతివాడే, పొట్టివాడు, మితభాషి. రెండేండ్లుగా డబుల్సునందు పెద్దవానికి జతగాడు. వల దగ్గఱ నిలిచి, బంతిని మెల్లగా అవతలికి జార్చి, ఎదుటివారు దానిని పైకెత్తక తప్పని స్థితిని కల్పించుట వాని పని. అట్లు పైకి లేచిన బంతిని వెనుకనుండి పెద్దవాడు కొట్టును. చూచువారి చప్పట్లన్నియు కొట్టినవానికే చెందును. మేమును అట్లే చప్పట్లు కొట్టితిమి.

ఆ చలికాలమున సూర్యాపేటలో పాఠశాలల పోటీలు వచ్చినవి. మేలైనవానితో మేలైనవానిని కూర్చినచో మనలను గెలువగలవారెవ్వరని తలంచి, పొట్టివానిని తొలగించి, పెద్దవానికి చిన్నవానిని జతచేసితిమి. పోటీకి వారము దినములే వ్యవధి యుండెను. పొట్టివాడు కారణ మడుగలేదు. పోటీనాడు నీళ్ల సీసాలను మోసికొని మా వెంట వచ్చెను.

సింగిల్సునందు ప్రతి బంతియు తనదే. డబుల్సున అట్లు కాదు. దాడి చేయునపుడు ఒకడు ముందు, ఒకడు వెనుక నిలువవలెను. కాచుకొనునపుడు ఇద్దఱును ప్రక్కప్రక్కల నిలువవలెను. ఈ మార్పు మాటలాడుకొని చేయునది కాదు. రెప్పపాటు కాలములో ఒకని కదలికను చూచి రెండవవాడు కదలవలెను. మా బాలురిద్దఱును మొదటి ఆటను తమ బలముచేతనే 21–14తో గెలిచిరి. రెండవ యాటలో ఎదుటివారు ఉపాయము కనిపెట్టి, బంతిని ఇద్దఱికిని సరిగా నడుమ వేయసాగిరి. ఒకసారి ఇద్దఱును పరుగెత్తగా బ్యాట్లు ఒకటితో నొకటి కొట్టుకొనెను. మఱుసటిసారి ఇద్దఱును ఆగిపోయిరి. బంతి వారి నడుమ పడెను. పెద్దవాడు చిన్నవానివంక చూచెను. చిన్నవాడు నేలవంక చూచెను. అటుపై వారు ఒకరిమొగము నొకరు చూచుకొనలేదు. 18–21, 16–21తో ఓడితిమి.

ఓడుట తప్పు కాదు. తప్పు తరువాత జరిగినది. తిరిగి వచ్చునపుడు బస్సులో అందఱును వినుచుండగా మేము వారిని, "ఆ నడిమి బంతి యెవరిది?" అని యడిగితిమి. "వానిదే, సార్" అని పెద్దవాడనెను. "అన్నదే, సార్" అని చిన్నవాడనెను. ఎవరిదో తేల్చవలెనని మఱల మఱల అడిగితిమి. బస్సు పెన్‌పహాడ్ చేరునప్పటికి చిన్నవాని కన్నులు ఎఱ్ఱబడియుండెను. మఱునాటినుండి వాడు ఆటస్థలమునకు రాలేదు. తరువాత బడికిని రాలేదు. పెద్దవానిని 'అన్నా' యని పిలుచుట మానెను.

నాలుగవ దినమున మేము వాని యింటికి పోతిమి. వాడు లోపలనుండి వెలుపలికి రాలేదు. అరుగుమీద వాని తాతగారు కూర్చుండియుండిరి. జీవితమంతయు నాగలి పట్టి, ట్రాక్టర్లు వచ్చిన పిమ్మట ఎడ్ల నమ్మివేసిన వృద్ధులు. మేము జరిగినదంతయు చెప్పి, రెండు మేలైన జీవములను ఒకచోట చేర్చినచో ఫలమిట్లేల వచ్చినదో తెలియకున్నదంటిమి. ఆయన కొంతసేపు ఊరకుండి యిట్లనెను:

"సారూ, సంతల రెండు మంచి ఎడ్లను కొంటే మంచి జోడి అయితదా? ఒకటి అడుగేస్తే రెండోదానికి ఎరుక కావాలె. దాపటిది దాపటికే అలవాటు, ఎలపటిది ఎలపటికే. రెండిటినీ ఒక్క దిక్కే కడ్తవా?"

మేమేమియు ననలేదు. ఆయన మఱల ననెను:

"ఇంకోటి. సాలు వంకర పోతే, నీదా తప్పు దానిదా తప్పు అని ఎడ్లను అడుగుతరా, సారూ? సాలు వంకర పోతే నాగలి పట్టినోనిదే తప్పు."

ఆ మాట మా చెంపమీద కొట్టినట్లాయెను. అయినను ఆ దినముననే మేము మాఱితిమని చెప్పుకొనుట సత్యము కాదు. లోకమున పెద్ద పెద్ద పోటీలలో పెద్దవారు జతల నెట్లు కూర్తురో, వారికిని ఇట్టి పొరపాట్లు కలుగునో కలుగవో తెలిసికొనవలెనని బుద్ధి పుట్టినది. మొదట మన తెలుగువారు పాల్గొన్న యొక గొప్ప పోటీ జ్ఞప్తికి వచ్చినది.

పురుషుల జట్ల బాడ్మింటన్‌నకు థామస్ కప్పు ప్రపంచమున పేరుపొందిన పోటీ. 1949లో మొదలైనది. 2022 వఱకు దానిని అయిదు దేశములే గెలిచియుండెను. ఆ సంవత్సరము మే 15న బ్యాంకాకులో భారతదేశము ఇండోనేషియాను 3–0తో ఓడించి ఆఱవ దేశమైనది. ఇండోనేషియా అప్పటికి పదునాలుగు పర్యాయములు కప్పును గెలిచిన దేశము. ఈ పోటీలో ఒక్కొక్క తలపడుటయందు అయిదు ఆటలుండును: మూడు సింగిల్సు, రెండు డబుల్సు. సింగిల్సు ఆడువారి వరుస వారి ప్రపంచస్థానమునుబట్టి యేర్పడును. కాని డబుల్సునకు ఎవరికెవరిని కూర్చవలెననునది జట్టు పెద్దల వివేకమునకే విడువబడినది.

ఆనాటి డబుల్సున మన పక్షమున ఆడినవారు సాత్విక్‌సాయిరాజ్ రంకిరెడ్డి, చిరాగ్ శెట్టి. మొదటివాడు కోనసీమలోని అమలాపురమువాడు. రెండవవాడు ముంబాయివాడు, వయస్సున మూడేండ్లు పెద్ద. ఊరు వేఱు, భాష వేఱు. మలేషియా దేశపు శిక్షకుడు టాన్ కిమ్ హెర్ 2016 ప్రాంతమున వారిని జతగూర్చెను. ఇద్దఱును ఎత్తరులే, ఇద్దఱును దెబ్బకొట్టువారే. మా బాలురవంటివారే యనవచ్చును. కాని వారు కూడిన వారము దినములకే పోటీకి పంపబడి, ఓడగానే విడదీయబడినవారు కారు. ఏండ్ల తరబడి కలిసి గెలిచి, కలిసి ఓడి, ఎవడు ముందు నిలువవలెనో, ఎవడు వెనుక నిలువవలెనో నేర్చుకొనిరి. సాత్విక్ 2023 ఏప్రిల్ 14న గంటకు 565 కిలోమీటర్ల వేగముతో కొట్టిన దెబ్బ గిన్నిస్ గ్రంథమున కెక్కినది. బాలురందఱును ఆ దెబ్బనుగూర్చియే చెప్పుకొందురు. ఆటలో అట్టి దెబ్బకు తగినట్లుగా బంతిని పైకి లేపించువాడు వలకడ నొకడుండవలెనను సంగతిని ఎవరును చెప్పుకొనరు.

వారి కెదురుగా నిలిచినవారు మహమ్మద్ అహ్సన్, కెవిన్ సంజయ సుకముల్జో. అహ్సన్ తన నిత్యపు జతగాడైన హేంద్ర సెతియవాన్‌తో కలిసి మూడు పర్యాయములు ప్రపంచ విజేతయైనవాడు. కెవిన్ మార్కస్ గిడియన్‌తో కలిసి బహుకాలము ప్రపంచమున ప్రథమస్థానమున నున్నవాడు. ఇద్దఱును మహామహులు, కాని ఒకరికొకరు నిత్యపు జతగాండ్రు కారు. మన జత 18–21, 23–21, 21–19తో గెలిచినది. ఈ యంకెలను చూచినచో భేదము వెండ్రుకవాసియే యని తెలియును. కనుక క్రొత్త జత యగుటచేతనే వారోడిరని మేమనము. అయినను అంకెలు అంత దగ్గఱగా నున్నపుడు, ప్రక్కనున్నవాడు ఎచ్చట నుండునో చూడకయే తెలిసియుండుట యెంత విలువగలదో ఊహించుకొనవచ్చును.

ఆ కప్పులో మఱియొక సంగతి మాకు ఇంతకంటెను పాఠమైనది. మలేషియాతోను, డెన్మార్కుతోను మనవారు 3–2తోనే గట్టెక్కిరి. ఆ రెండుసార్లును మొదటి సింగిల్సున లక్ష్యసేన్ ఓడెను. ఆ రెండుసార్లును రెండవ డబుల్సున మన తెలుగు యువకులైన గరగ కృష్ణప్రసాద్, పంజాల విష్ణువర్ధన్ గౌడ్ ఓడిరి. రెండుసార్లును గుంటూరి కిడాంబి శ్రీకాంత్, సాత్విక్–చిరాగ్‌ల జత చెఱియొక యాట గెలువగా, కడపటి యాటను ప్రణయ్ గెలిచి జట్టును నిలిపెను. రెండుమార్లు ఓడిన లక్ష్యసేన్‌నే అంతిమ పోటీలో మఱల మొట్టమొదట నిలిపిరి. అతడు మొదటి ఆటను 8–21తో పోగొట్టుకొనియు, 21–17, 21–16తో తరువాతి రెండును గెలిచి జట్టునకు దారి చూపెను. ఓడినవానిని "తప్పెవరిది" అని నిలువదీసియున్నచో ఆ మూడవ దినమున అతడెట్లు ఆడియుండెడివాడో!

ఇక రెండవ యుదాహరణము మన బాలు రెఱుగని ఆటలోనిది. గోల్ఫు అను ఆటయందు విశాలమైన పచ్చికబయలున చిన్న తెల్లని బంతిని కఱ్ఱతో కొట్టి, దూరముననున్న గుంటలో తక్కువ దెబ్బలతో వేయవలెను. అది సాధారణముగా ఎవరికి వారే ఆడు ఆట. కాని రెండేండ్లకొకసారి రైడర్ కప్పు అను జట్ల పోటీ జరుగును. 1927లో బ్రిటను, అమెరికాల నడుమ మొదలై, 1979నుండి ఐరోపా, అమెరికాల నడుమ సాగుచున్నది. జట్టునకు పన్నిద్దఱు. మొదటి రెండు దినములును జతల యాటలే. ఒక విధమున జతగాండ్రిద్దఱికిని ఒకే బంతి. ఒక దెబ్బ ఒకడు, మఱుదెబ్బ రెండవవాడు కొట్టవలెను. ఒకడు పొదలో వేసినచో రెండవవాడు పొదనుండి కొట్టవలసినదే. జీవితమంతయు ఒంటరిగా ఆడినవానికి ఇది యెంత కష్టమో చూడుడు. ఇంకొక విధమున ఎవరి బంతి వారిదే. ఇద్దఱిలో మేలైన లెక్కయే జతకు చెల్లును.

2004లో అమెరికా జట్టు నాయకుడు హాల్ సట్టన్ తన దేశపు మేటి ఆటగాండ్రయిన టైగర్ వుడ్స్, ఫిల్ మికెల్సన్‌లను మొదటి దినముననే జతచేసెను. మేలైనవానితో మేలైనవాడు! వారు ఉదయమున ఓడిరి, మధ్యాహ్నమున ఓడిరి. మధ్యాహ్నపు ఆటలో కడపటి గుంటకడ లెక్క సమముగా నుండగా మికెల్సన్ కొట్టిన మొదటి దెబ్బ కంచెవఱకు దారి తప్పిపోయినది. అచ్చటినుండి వుడ్స్ కొట్టవలసివచ్చినది. ఆ దినము తరువాత వారిని మఱల జతచేయలేదు. అమెరికా 9½–18½తో ఓడినది.

2008లో మఱియొక నాయకుడు పాల్ ఏజింగర్ వచ్చెను. ఆ యేడు మోకాలి చికిత్సచేత వుడ్స్ జట్టులోనే లేడు. ఏజింగర్ పన్నిద్దఱిని స్వభావము కుదురునట్లుగా నలుగురేసి చొప్పున మూడు గుంపులు చేసి, ఆ గుంపులోనివారే కలిసి సాధన చేయునట్లును, జతలు ఆ గుంపులోనుండియే యేర్పడునట్లును నియమించెను. ఎవరితో ఆడవలసివచ్చునో యను సందేహము ఎవ్వరికిని లేకుండెను. అమెరికా 16½–11½తో గెలిచినది. తమ మేటివాడు లేకయే గెలిచినది. ఐరోపావారిలో స్పెయిను దేశస్థులైన బాయెస్టెరోస్, ఒలథాబల్ అను జత 1987నుండి 1993వఱకు పదునైదు ఆటలు కలిసి ఆడి పదునొకండు గెలిచి, రెండు మాత్రమే ఓడిరి. వారిలో ఒకడు పేరుపొందినవాడు, రెండవవాడు ఆతనికంటె తొమ్మిదేండ్లు చిన్నవాడు.

ఇన్ని చూచిన పిమ్మట మాకు తోచినది చిన్న మాటయే. జత కూర్చువాడు "ఇద్దఱి బలము కలిపిన ఎంత?" అని లెక్కించుట చాలదు. "వీని తప్పును వాడు మోయగలడా? వాని యెదుట తప్పుచేయుటకు వీడు భయపడకుండునా?" అనునది ముందుగా తెలిసికొనవలెను. భయపడువాని చేయి బంతి దగ్గఱ బిగిసికొనిపోవును. ఆ భయమును మేమే బస్సులో కూర్చుండి నాటితిమి.

మఱునాడు మువ్వురు బాలురను పిలిచి, మా తప్పును ఒప్పుకొంటిమి. ఉపాధ్యాయుడు శిష్యుల యెదుట ఆ మాట యనుట సులభము కాదు. నాలుక తడబడినదని దాచనేల? తరువాత ముగ్గురికిని చీటీలిచ్చి, "ఎవరి ప్రక్కన ఆడునపుడు తప్పుపోవునను భయము నీకు కలుగదో వాని పేరు వ్రాయుము" అంటిమి. పెద్దవాని చీటీని విప్పితిమి, పొట్టివాని పేరు. చిన్నవాని చీటీని విప్పితిమి. దానియందును పొట్టివాని పేరే. నీళ్ల సీసాలు మోయించిన బాలునినే ఇద్దఱును కోరియుండిరి. పొట్టివాని చీటీలో "ఎవరైనా సరే" అని యుండెను.

ఒక్కని ఇద్దఱికి పంచలేము గదా. ఈసారి మేము నిర్ణయింపక పొట్టివానినే యడిగితిమి. వాడు తల వంచుకొని, "అన్న ఎవరితోనైనా ఆడగలడు సార్. వీడు ఇప్పుడు ఓడితే మళ్లీ బడికి రాడు. నేను వీనితో ఆడుతా" అనెను. ఏ గ్రంథమును చదువని ఆ బాలుడు ఒక్క మాటలో చెప్పినదానిని మేము ఇన్ని పుటలలో చెప్పుచున్నాము. పెద్దవాడు మాఱు పలుకక, ఎనిమిదవ తరగతినుండి యొక క్రొత్త బాలుని తనకు జతగా ఎంచుకొనెను. వానికి వలకడ నిలుచుట నేర్పుటకు, అదివఱకు ఎన్నడును ముందుకు రాని తానే ముందు నిలిచి చూపెను.

నెల గడచిన పిమ్మట మఱియొక పోటీకి పోతిమి. పెద్దవాడును, ఆ ఎనిమిదవ తరగతివాడును మొదటి యాటలోనే ఓడిరి. చిన్నవాడు, పొట్టివాడు మూడు ఆటలు గెలిచి, ఫైనలునకు ముందు ఓడిరి. కప్పు మాకు రాలేదు. పట్టికలో ఆ సంవత్సరమునకు మా పేరు లేదు. కాని ఆ కడపటి యాటలో ఒక బంతి మునుపటివలెనే ఇద్దఱి నడుమ పడినది. మా గుండె ఝల్లుమన్నది. ఇద్దఱును ఒక్కసారిగా చేయెత్తి, "నాది, నాది" అనిరి. తప్పు తనదని ఇద్దఱును చెప్పుకొనుట చూచి ఇద్దఱికిని నవ్వు వచ్చినది. గట్టుమీదినుండి పెద్దవాడు, "పోనీరా, తర్వాతది చూడుండ్రి" అని కేక వేసెను. చిన్నవాడు వెనుదిరిగి, "సరే అన్నా" అనెను.

నెలదినముల తరువాత ఆ పిలుపును మఱల వింటిమి.

పెద్దవాడు ఇప్పుడు పై చదువులకు పోయినాడు. తక్కిన యిద్దఱును ఈ సంవత్సరము పదవ తరగతి ముగించి పోవనున్నారు. వేపచెట్ల క్రింద క్రొత్తవారు వల కట్టుచున్నారు. మఱల జతలు కూర్చవలసియున్నది. ఈ వ్యాసమును చదువు తల్లిదండ్రులను మేము కోరునది ఒక్కటే. మీ బిడ్డ ఆటనుండి ఓడి వచ్చినపుడు "ఎవరివలన ఓడితిరి?" అని యడుగకుడు. "నీ ప్రక్కవాడు ఎట్లున్నాడు?" అని యడుగుడు. ఇక మామట్టునకు మేము, ఆట చెడినపుడెల్ల తాతగారి మాటను తలంచుకొని, ముందుగా మేము పట్టిన మేడితోకనే చూచుకొందుము.